మొరాయించిన మోటారు

తెల్లవారుచున్నది. కంటి శస్త్రచికిత్సకై ఒక వృద్ధురాలిని వేళకు పట్టణమునకు చేర్పవలెను. వాకిట పాత అంబాసిడరు కారు నిలిచియున్నది. యజమాని తాళపుచెవి త్రిప్పెను. "టక్కు" మని ధ్వని వచ్చెనే కాని యంత్రము నడువలేదు. "బ్యాటరీ పోయినది, క్రొత్తది కొనవలెను" అని ఒకరనిరి. "కార్బురేటరు విప్పి చూడవలెను" అని మరియొకరనిరి. రోగమెరుగక మందు నిచ్చిన వైద్యునివలె, కారణమెరుగక పనిముట్టు పట్టినవాడును కీడే చేయును.

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో జరిగిన అంబాసిడరు కార్ల నిర్మాణము 2014లో ఆగిపోయినది. అయినను చేతులు మారిన పాతబండ్లు నేటికిని అచ్చటచ్చట తిరుగుచున్నవి. పూర్వపు పెట్రోలు బండ్లలోని లోపములను పెక్కింటిని కంటితో చూచి, చెవితో విని, ముక్కుతో పసిగట్టి తెలిసికొనవచ్చును.

యంత్రము నడచుటకు మూడు కావలెను: దానిని తొలుత త్రిప్పెడి బలము, తగిన క్షణమున పుట్టెడి నిప్పురవ్వ, గాలితో కలిసిన పెట్రోలు. వీనిని ఈ వరుసలోనే పరీక్షింపవలెను.

మొదటిది బలము. యంత్రము తిరుగకున్నను, మూలుగుచు మెల్లగా తిరిగినను ముందుగా విద్యుత్తును శంకింపవలెను. దీపములు వెలిగించి తాళపుచెవి త్రిప్పవలెను. అవి మిక్కిలి మసకబారినచో బ్యాటరీ క్షీణించియుండును. లేదా దాని తీగల కొనలు వదులైయుండును. బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టుల చొప్పున మొత్తము 12 వోల్టుల నిచ్చును. బండి నిలిచియున్నపుడు వోల్టుమీటరు 12.6 చూపినచో బ్యాటరీ నిండుగా నున్నట్లు. 12కు దిగినచో దాదాపు వట్టిపోయినట్లు.

రెండవది నిప్పురవ్వ. యంత్రము చురుకుగా తిరుగుచున్నను అంటుకొననిచో బ్యాటరీని నిందింప పనిలేదు. 12 వోల్టుల విద్యుత్తును కాయిలు అనేక వేల వోల్టులకు పెంచును. డిస్ట్రిబ్యూటరు దానిని నాలుగు సిలిండర్లకు వంతులవారీగా పంచును. దాని మూతలో తేమ చేరినను, లోపలి పాయింట్లు మాడినను రవ్వ సరిగా పుట్టదు. వానకాలమున ఆ మూతను పొడిగుడ్డతో తుడిచినంతనే నడచిన బండ్లు కలవు.

మూడవది పెట్రోలు. ట్యాంకులో పెట్రోలు ఉన్నదా? పంపు దానిని కార్బురేటరుకు చేర్చుచున్నదా? త్రోవలో మడ్డి అడ్డుపడినదా? పెట్రోలు వాసన గుప్పుమన్నచో అది చాలకపోవుట కాక, ఎక్కువై ప్లగ్గులను తడిపినదని గ్రహింపవలెను. అప్పుడు కొంతసేపు ఆగి, చోకు లాగకయే మరల యత్నింపవలెను.

ఈ పరీక్షలను పెద్దలే చేయవలెను. చేతిబ్రేకు వేసి, గేరును న్యూట్రలులో నుంచవలెను. కాయిలు తీగలను చేతితో తాకరాదు. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువును, పెట్రోలు ఆవిరియు సులభముగా మండును. కావున దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. తాళపుచెవిని ఎడతెగక త్రిప్పినచో త్రిప్పెడి మోటారు వేడెక్కి చెడును.

వాకిటనున్న కారునకు మొదటి పరీక్ష చేసిరి. దీపములు మసకబారెను, కాని వోల్టుమీటరు 12.6 చూపెను. బ్యాటరీ నిండుగా నున్నది. దాని బలము బయటికి రాకున్నది. చూడగా, తీగలు బిగించినచోట తెల్లని చిలుము దట్టముగా పట్టియుండెను. యజమాని తీగలను విప్పి, కొనలను ఉప్పుకాగితముతో మెరయునట్లు రుద్ది మరల బిగించెను. తాళపుచెవి త్రిప్పగానే యంత్రము గర్జించెను. క్రొత్త బ్యాటరీ కొనలేదు, కార్బురేటరు విప్పలేదు. వృద్ధురాలు వేళకే ఆసుపత్రి చేరెను.

తొందర కలిగినపుడే క్రమము మిక్కిలి అవసరము. తెలిసినదానినుండి తెలియనిదానికి ఒక్కొక్క అడుగు వేయువాడు, పది చేతులు ఒక్కమారు చేయలేని పనిని తానొక్కడే చేయగలడు.