రాయలసీమ ఎండలో కంప్యూటరు కూర్పు

ఇంటిలో కంప్యూటరును స్వయముగా కూర్చుకొనదలచిన విద్యార్థులు మా కళాశాలలో ఏటేటా నలుగురైదుగురు కనబడుచుందురు. వారు జాబితా వ్రాసికొని నా యొద్దకు వత్తురు. అందు మొదటి పేరు ప్రాసెసర్. సగము డబ్బు దానికే పోవును. మిగిలిన చిల్లరతో కొనవలసినవి క్యాబినెట్టు, ఎస్.ఎం.పి.ఎస్. కర్నూలు, కడప ప్రాంతములవారు ఈ జాబితాను క్రిందినుండి మీదికి చదువుట మంచిదని నా అభిప్రాయము. మన ఎండ, మన దుమ్ము, మన కరెంటు ఇందుకు కారణములు.

మొదట ఎండ సంగతి చూతము. ప్రాసెసరులో ఖర్చగు విద్యుచ్ఛక్తి యావత్తు వేడిగా మారును. కూలరు ఆ వేడిని గదిలోని గాలికి అందించును. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదలించును, అంతే. కనుక పని చేయుచున్న ప్రాసెసర్ ఎప్పుడును గదికంటె వేడిగానే ఉండును. ఒక కూలరు ఆ తేడాను 45 డిగ్రీలకు మించనీయదనుకొందము. గది 25 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నచో ప్రాసెసర్ 70 వద్ద నిలుచును. మే నెలలో మన గది 42 డిగ్రీలైనచో అదే ప్రాసెసర్ 87కు చేరును. రెక్కల నడుమ దుమ్ము పేరుకొని తేడా ఇంకొక పది పెరిగినచో 97. నేటి ప్రాసెసర్లు చాలవరకు 95, 100 డిగ్రీల ప్రాంతమున తమను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అనగా ఎక్కువ వెల యిచ్చి కొన్న వేగము వేసవిలో మనకు దక్కదు! 65 వాట్ల తరగతి ప్రాసెసరును తీసికొని, మిగిలిన సొమ్మును మంచి కూలరుపైన, ముందువైపు జాలియు కడుగదగిన వడపోతయు గల క్యాబినెట్టుపైన పెట్టుట మేలు. బేతంచెర్ల వంటి నాపరాళ్ల ఊళ్లలో ఆ వడపోతను తరచుగా కడుగవలసి వచ్చును.

ఇక కరెంటు. మా విద్యార్థి ఒకడు తండ్రి పత్తి అమ్మిన డబ్బుతో కూర్చిన కంప్యూటరు మూడవ నెలలోనే ఆగిపోయినది. ఊరు పేరు లేని ఎస్.ఎం.పి.ఎస్. తాను పోవుచు మదర్‌బోర్డును కూడ తీసికొనిపోయినది. దానిపై మాత్రము 500 వాట్లని అచ్చువేసి యున్నది. ఎస్.ఎం.పి.ఎస్. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. 150 వాట్లు తీసికొను యంత్రమునకు 230 వోల్టుల వద్ద సుమారు 0.65 ఆంపియరు చాలును. బోరు మోటార్లు తిరుగు వేళ వోల్టేజి 170కి దిగినచో 0.88 ఆంపియరు కావలెను. నాసిరకపు భాగములు ఈ అదనపు వేడికి తాళలేవు. కావున 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేయునని వ్రాసియున్నదానిని ఎంచుకొనవలెను. '80 ప్లస్' గుర్తు పొదుపును తెలుపును గాని, ఆ పరీక్ష సుమారు 23 డిగ్రీల వద్ద జరుగును. మన మే నెల వేరు. పూర్తి వాట్లను 40 డిగ్రీల వద్ద ఇచ్చునా, 50 వద్ద ఇచ్చునా అని కూడ చూడవలెను. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనిచో నాణ్యమైన 450 వాట్లది ధారాళముగా సరిపోవును.

ఎర్తు సంగతి చాలమంది మరతురు. ఎండిన నేలలో విద్యుత్తు సరిగా పారదు. వేసవిలో ఎర్తు గుంటలో నీళ్లు పోయుట మన పెద్దల చాదస్తము కాదు.

తక్కిన భాగములు ఒకదానికొకటి అమరవలెను. ఏ.ఎం.5 సాకెట్టు బోర్డు డి.డి.ఆర్.5 ర్యామును మాత్రమే గ్రహించును, ఏ.ఎం.4 బోర్డు డి.డి.ఆర్.4ను మాత్రమే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరమున్నచో దానిలో గ్రాఫిక్స్ ఉండదు, వేరుగా కార్డు కొననిదే తెరపై బొమ్మ రాదు. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకో పోయి తెచ్చినవానిని మార్చుటకు మరల బస్సెక్కవలసి వచ్చును. అందుచేత ఈ పొత్తు ఇంటివద్దనే సరిచూచుకొని బయలుదేరవలెను. బిల్లుపై ప్రతి భాగపు సీరియల్ నంబరు వ్రాయించుకొననిదే అంగడి విడువరాదు.

బిగించు వేళ, పొడిగాలిలో మన ఒంటిపై స్థిర విద్యుత్తు చేరును గనుక, ర్యామును ముట్టకముందు క్యాబినెట్టు లోహపు చట్టమును ముట్టవలెను. కూలరు అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను ఒలిచివేయవలెను. నా మొదటి యంత్రమునకు నేను దానిని మరచితిని.