గోమారి కాటు – మచ్చల జ్వరం

పశువుల కొట్టంలో ఆవు చెవుల లోపల, గంగడోలు కింద, పొదుగు పక్కన ఒకసారి పరిశీలించి చూడండి. ఆముదపు గింజల వంటివి కొన్ని చర్మానికి అంటుకుని కనబడవచ్చు. అవే గోమార్లు. కొన్ని ప్రాంతాలలో వీటిని పిడుదులంటారు. ఆముదపు గింజతో పోలిక మనకొక్కరికే తట్టింది కాదు. ఆముదపు మొక్క శాస్త్రీయ నామం ‘రిసినస్’. లాటిన్ భాషలో ఆ మాటకు అర్థం గోమారి!

గోమారి కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్ళు; ఎదిగిన గోమారికి ఎనిమిది. కనుక ఇది సాలీడుకూ, తేలుకూ చుట్టం. గుడ్డులోంచి వెలువడిన పిల్లకు మాత్రం ఆరు కాళ్ళే ఉంటాయి. అది రక్తం తాగి, కుబుసం విడిచాక ఎనిమిది కాళ్ళదవుతుంది. మళ్ళీ రక్తం తాగి, మళ్ళీ కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతి దశలోనూ దాని ఆహారం రక్తమే. అనేక జాతులు ఒక్కొక్క దశలో ఒక్కొక్క జంతువును పట్టుకుంటాయి. ఒక జంతువు ఒంటిలోని రోగక్రిమి మరొక జంతువుకు చేరడానికి ఇంతకంటే అనువైన వాహనం ఏముంటుంది?

లోయలో మరణాలు

అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో బిట్టర్‌రూట్ అనే లోయ ఉంది. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ వసంతం వచ్చిందంటే జనానికి గుండెదడ. అడవులకు, పొలాలకు వెళ్ళినవారికి హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, తలనొప్పి వచ్చేవి. కొద్ది రోజులకు ఒంటినిండా ఎర్రని మచ్చలు లేచేవి. రోగం సోకినవారిలో ఎక్కువమంది మరణించేవారు. కొండల మీది మంచు కరిగిన నీరు తాగడమే కారణమని కొందరు నమ్మారు. గోమారిని అనుమానించినవారూ ఉన్నారు. కాని అనుమానం వేరు, రుజువు వేరు.

1906లో హోవర్డ్ రికెట్స్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు ఆ లోయకు వచ్చాడు. రోగి రక్తాన్ని గినీపందికి ఎక్కించగా దానికీ జబ్బు చేసింది. జబ్బుపడిన గినీపంది మీద ఒక గోమారిని వదిలి, రక్తం తాగనిచ్చి, తరువాత దానినే ఆరోగ్యంగా ఉన్న మరొక గినీపంది మీద వదిలాడు. రెండవదీ జబ్బుపడింది. దోషి దొరికింది! తల్లి గోమారి నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు కూడా ఈ క్రిమి సంక్రమిస్తుందని ఆయనే చూపాడు.

రికెట్స్ టైఫస్ జ్వరాన్ని పరిశోధించడానికి మెక్సికో నగరానికి వెళ్ళి, 1910లో ఆ జ్వరానికే బలైపోయాడు. అప్పటికి ఆయన వయస్సు 39 ఏళ్ళు. ఆయన గౌరవార్థం ఈ సూక్ష్మజీవులకు ‘రికెట్సియా’ అని పేరు పెట్టారు. ఇవి అతి చిన్న బాక్టీరియాలు. సజీవ కణాల లోపల మాత్రమే వృద్ధి చెందుతాయి.

తరువాత ఆ లోయలోనే, హామిల్టన్ పట్టణంలో ఒక ప్రయోగశాల వెలసింది. 1981లో అక్కడి శాస్త్రజ్ఞుడు విల్లీ బర్గ్‌డార్ఫర్ మరొక గోమారి జాతి కడుపులో మెలికలు తిరిగిన బాక్టీరియాను కనుగొన్నాడు. కీళ్ళవాపులు తెచ్చే ‘లైమ్ వ్యాధి’ కారణం అలా బయటపడింది.

మన ఇంటి ముంగిట

మన దేశంలో కుక్కల మీద గోధుమరంగు గోమారి సర్వసాధారణం. ఇది కుక్కలకు ‘ఎర్లిషియా’ అనే బాక్టీరియాను అంటిస్తుంది. కుక్కకు జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, ఒక్కొక్కప్పుడు ముక్కు నుంచి రక్తం కారుతుంది. పశువులకు సోకే ‘అనాప్లాస్మా’ ఎర్ర రక్తకణాలలో చేరుతుంది. పశువు పాలిపోతుంది, పాలు తగ్గుతాయి. మనుషులకు వచ్చే ‘ఇండియన్ టిక్ టైఫస్’ కూడా రికెట్సియా జ్వరమే.

ఈ క్రిముల మీద పెన్సిలిన్ పనిచేయదు. 1948లో వెలుగులోకి వచ్చిన ఆరియోమైసిన్ పనిచేసింది. దానిని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో అప్పటి పరిశోధనల అధిపతి ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! ఈనాడు వైద్యులు వాడే డాక్సీసైక్లిన్ కూడా ఆ కుటుంబానికి చెందిన మందే.

మందు ఉన్నా చిక్కు ఒకటుంది. మొదట్లో ఈ జ్వరం ఇతర జ్వరాల లాగే ఉంటుంది. ఆలస్యమైతే ప్రాణాపాయం. కనుక జ్వరం వస్తే, గోమారి కరిచిన సంగతీ, ఇంటి కుక్కకు గోమార్లున్న సంగతీ వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్కమాట ప్రాణం నిలపవచ్చు.

గోమారి అంటుకుంటే కిరోసిన్ పోయకండి, నిప్పు పెట్టకండి, గోళ్ళతో నలపకండి. సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. తరువాత ఆ చోటును, చేతులను సబ్బుతో కడుక్కోండి. గోమారి ఎంత త్వరగా ఊడివస్తే క్రిమి ఒంట్లోకి చేరే అవకాశం అంత తక్కువ. అందుకే పొలం నుంచి రాగానే ఒళ్ళు చూసుకోండి. మీ కుక్కనూ, పశువునూ చూడండి.