గోడ చెవుల్లో దూది!

డాక్టరు గదిలో చెప్పుకున్న మాట బయట బెంచీ దాకా వినిపిస్తోందా? చదువుకునే పిల్లాడి గదిలోకి హాల్లోని టీవీ సీరియల్ వచ్చేస్తోందా? అయితే ఆ గోడ లోపల ఏముందో ఓసారి చూడాల్సిందే.

'తలుపేసి రామ్మా' అంటారు డాక్టరు. తలుపేస్తాం. కుర్చీ ముందుకు జరుపుకుని, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పని మాటను గొంతు తగ్గించి చెబుతాం. డాక్టరేమో మామూలు గొంతుతోనే 'ఎన్నాళ్ల నుంచి?' అని అడుగుతారు. గోడకి అవతల టోకెన్ పట్టుకుని కూర్చున్న పదిమందిలో ఇద్దరు మన వీధివాళ్లే. ఇంకేముంది... మనం ఇంటికి చేరేలోపే ఆ సంగతి మన గుమ్మంలో ఉంటుంది!

మహానగరంలో అయితే పక్కన కూర్చున్నది ఎవరో తెలీదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలో అలా కుదరదు. చుట్టమో, వియ్యాలవారి తరఫువాళ్లో, మన దుకాణానికి వచ్చే ఖాతాదారో తప్పక ఉంటారు. అందుకే ఇక్కడ గోడ పల్చనైతే పరువు కూడా పల్చనవుతుంది. రోగి చెప్పిన విషయాన్ని డాక్టరు గోప్యంగా ఉంచాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. డాక్టరు నోరు విప్పకపోయినా గోడ ఊరుకోకపోతే ఏం లాభం?

డోలు లాంటి గోడ

అద్దెకు తీసుకున్న పెద్ద హాలును మూడు గదులు చేయాలంటే ఇటుక గోడ కట్టడం కష్టం. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకి రమారమి 250 కిలోలు తూగుతుంది. జిప్సం బోర్డు పార్టిషన్ అందులో పదో వంతే. పై అంతస్తుల్లో స్లాబు మీద భారం పడదు, రెండ్రోజుల్లో పనైపోతుంది. క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు, ఆఫీసులన్నీ దీన్నే ఎంచుకోవడానికి కారణమిదే.

కానీ శబ్దాన్ని ఆపేది బరువే. గోడ ఎంత బరువుంటే దాన్ని కదిలించడం ధ్వనికి అంత కష్టం. పార్టిషన్‌లో ఇనుప ఛానెళ్లు రెండడుగులకొకటి నిలబెట్టి, అటూ ఇటూ అరంగుళం మందం బోర్డు బిగిస్తారు. మధ్యలో అంతా ఖాళీ. అంటే అచ్చం డోలే! ఒకవైపు కొడితే లోపలి గాలి కదిలి రెండోవైపు చర్మం ఎలా మోగుతుందో, ఇక్కడ ఒకవైపు మాట్లాడితే రెండోవైపు బోర్డు అలా మాట్లాడుతుంది.

అదే డోలు లోపల దూది కూరితే? మోత తగ్గిపోతుంది. గోడలో ఛానెళ్ల మధ్య పెట్టే రాక్‌వూల్, గ్లాస్‌వూల్ చేసే పని అదే. నల్లరాతిని దాదాపు 1500 డిగ్రీల దగ్గర కరిగించి, పీచుమిఠాయిలా దారాలు తీస్తే రాక్‌వూల్. ఇసుక, పాత గాజు కరిగించి తీస్తే గ్లాస్‌వూల్. ధ్వని ఆ పీచు సందుల్లోంచి దూరేటప్పుడు రాపిడికి శక్తి కోల్పోయి, కొద్దిపాటి వేడిగా మారిపోతుంది.

ఖాళీగా ఉన్న పార్టిషన్ సరిగ్గా కడితే సుమారు 35 డెసిబెళ్లు తగ్గిస్తుంది. లోపల వూల్ పెడితే 40 దాటుతుంది. అటూ ఇటూ రెండేసి బోర్డులు వేస్తే 50 దగ్గరకు వెళ్తుంది. పది డెసిబెళ్లు తగ్గితే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. 35 దగ్గర గట్టిగా మాట్లాడే గొంతు వినిపిస్తుంది కానీ మాటలు సరిగా తెలియవు. 50 దగ్గర అసలు వినిపించదు.

మరి 35 అంటే నయమేగా, మన క్లినిక్‌లో అన్నీ ఎందుకు వినిపిస్తున్నాయి? అసలు కిటుకు అక్కడే ఉంది.

దొంగదారి పైన!

చాలాచోట్ల పార్టిషన్‌ని ఫాల్స్ సీలింగ్ దాకా లేపి ఆపేస్తారు. సీలింగ్ పైన స్లాబు వరకూ ఖాళీయే. మాట అటు ఎక్కి ఇటు దిగిపోతుంది. గోడలో ఎంత ఖరీదైన వూల్ పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. గోడ మొత్తంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉన్నా, అది 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. తలుపు కింద వేలు దూరే సందు, ఏసీ పైపు కోసం చేసిన కన్నం, ఎదురెదురుగా పెట్టిన స్విచ్ బాక్సులు... అన్నీ గోడ చెవులే. అందుకే వూల్ కొనేముందు ఈ సందులు వెతకాలి.

పని చేయించేటప్పుడు...

* ఛానెళ్లను నేల నుంచి స్లాబు దాకా నిలబెట్టాలి. నేలకీ స్లాబుకీ తగిలేచోట ఫోమ్ టేపు వేయిస్తే అదురు తగ్గుతుంది.

* ముందు ఒకవైపు బోర్డు బిగించి, వైరింగ్ పూర్తి చేయించి, తర్వాతే వూల్ పెట్టించాలి. స్విచ్ బాక్సులు ఒకదాని వీపుకి ఒకటి ఆనకూడదు.

* వూల్ పలకను ఖాళీ కంటే ఒక సెంటీమీటరు వెడల్పుగా కోస్తే తనంతట తానే బిగుసుకుని నిలబడుతుంది. కుక్కి కుక్కి పెడితే లాభం తగ్గుతుంది. మూలల్లో వదిలేసినా అంతే.

* రెండోవైపు బోర్డు అతుకులు మొదటివైపు అతుకులకు ఎదురుగా రాకూడదు. అంచులన్నీ గట్టిపడని సీలెంట్‌తో మూయించాలి. పుట్టీ అయితే ఎండి బీటలిస్తుంది.

* తలుపు డొల్లది కాకుండా గట్టి చెక్కది వేయించి, చుట్టూ రబ్బరు, కింద బ్రష్ పట్టీ పెట్టించాలి.

* పనివాళ్లకి మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పీచు గుచ్చుకుంటే దురద, దగ్గు వస్తాయి. ఈ రెండు రకాల వూల్‌నీ క్యాన్సర్ కారకాలుగా తేల్చలేమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో నిర్ణయించింది. అయినా జాగ్రత్త జాగ్రత్తే.

ఊక పోస్తే పోదా?

మిర్యాలగూడలో రైసుమిల్లులకు కొదవలేదు, ఊకకీ కొదవలేదు. గోడలో ఊక పోయిద్దామన్న ఆలోచన రావడం సహజమే. కానీ వద్దు. ఊక కిందికి సర్దుకుపోయి పైన ఖాళీ మిగులుతుంది. పురుగు చేరుతుంది, నిప్పంటుకుంటుంది. థర్మోకోల్ మరీ దండగ. అది వేడిని ఆపుతుంది తప్ప మాటను కాదు. పైగా మంటలో కరిగి నల్లటి పొగ కక్కుతుంది. గోడలకి అంటించే గుడ్ల అట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ పక్కగదిని కాపాడవు. రాక్‌వూల్ మండదు. అయితే నీళ్లు తగిలితే జారిపోతుంది కాబట్టి బాత్రూమ్ వైపు గోడలో ముందు లీకేజీ చూసుకోవాలి.

ఇదొక్కటే సర్వరోగ నివారిణి కూడా కాదు. సూర్యాపేట, కోదాడల్లో 65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఇళ్లకి లారీ హారన్ వచ్చేది కిటికీలోంచి. అక్కడ లోపలి గోడని ముట్టుకుని ప్రయోజనం లేదు, ముందు కిటికీ సందులు మూయాలి. డీజే 'దబ్ దబ్'మనే మోతకీ, మిల్లు అదురుకీ పల్చని గోడలోని వూల్ పెద్దగా అడ్డుపడదు. కింది అంతస్తులో కొత్తగా గది కట్టుకుంటూ, పునాది ఉందనుకుంటే నిక్షేపంగా ఇటుక గోడే కట్టుకోవచ్చు.

పార్టిషన్ తప్పనిసరైతే మాత్రం బోర్డు మూసేలోపే మేల్కోవాలి. మూసేశాక విప్పించి పెట్టించాలంటే కూలి రెండుసార్లు.

చివరిగా ఒక చిన్న పరీక్ష. పనివాళ్లకి ఆఖరి బిల్లు ఇచ్చేముందు ఒకరు లోపల తలుపేసుకుని ఈ పేజీని మామూలు గొంతుతో చదవండి. ఇంకొకరు బయట బెంచీ మీద కూర్చుని వినండి. ఏదో గొణుగుడు తప్ప ఒక్క మాటా అర్థం కాలేదా? బిల్లు ఇచ్చేయండి. ఏం చదివారో బయటివాళ్లు అప్పజెప్పారా? తలుపు కిందా, సీలింగ్ పైనా ఇంకోసారి వెతికించండి!