ఎర్రమట్టిలో ఇనుముకు కరువు

కొత్తగా కట్టిన ఇళ్ల ముందు తరచూ కనిపించే దృశ్యమిది. ప్రహరీ గోడ వెంబడి వరుసగా నూరు వరహాల మొక్కలు నాటుతారు. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు నిగనిగలాడిన ఆకులు కొన్ని నెలలకే పాలిపోతాయి. చిగుళ్లు పసుపు పచ్చగా, ఆ తర్వాత దాదాపు తెల్లగా వస్తాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో బకెట్ పోస్తారు. బలం లేదేమోనని గుప్పెడు యూరియా వేస్తారు. మొక్క కోలుకోదు సరికదా, ఆ నీళ్లతో పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

లోపం ఏమిటో ఆకును చూసి చెప్పవచ్చు. నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని చిగుళ్లకు తరలిస్తుంది. అందుకే అప్పుడు కింది ఆకులు ముందు పండుతాయి. ఇనుమును అలా తరలించడం మొక్కకు దాదాపు చేతకాదు. దాంతో ఇనుము కొరతలో ముందు లేతాకులే పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చని వలలా మిగులుతాయి. నిజానికి పత్రహరితంలో ఇనుము ఉండదు, దాని నడుమ ఉండేది మెగ్నీషియం. కానీ ఇనుము లేనిదే పత్రహరితం తయారు కాదు.

విచిత్రమేమిటంటే, ఆ మట్టిలో ఇనుముకు కొదవ లేదు. భూమి పైపెంకు బరువులో సుమారు 5 శాతం ఇనుమే. ఎర్రనేలలకు ఆ ఎరుపు వచ్చిందే ఇనుప ఆక్సైడ్ల వల్ల. అయితే గాలి తగిలే నేలలో ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. కొత్త గోడ పక్కన పీహెచ్ పెరగడానికి కారణాలు చాలానే ఉంటాయి. పునాది పక్కన పూడ్చేసిన సిమెంటు పెళ్లలు, గోడ నుంచి రాలే సున్నం, వాటికి తోడు చాలాచోట్ల బైకార్బొనేట్లు ఎక్కువగా ఉండే బోరు నీళ్లు.

వేర్లు చేతులు ముడుచుకుని కూర్చోవు. ఆమ్లాన్ని వదిలి, ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చుకుని పీల్చుకుంటాయి. బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే వేర్లకు ఆ శక్తీ ఉండదు. పక్కనే గడ్డి పచ్చగా ఉందంటే దాని పద్ధతి వేరు. గడ్డి జాతుల వేర్లు ఇనుమును పట్టి కరిగించే పదార్థాలను స్రవిస్తాయి. ఓట్స్, వరి వేర్లు కడిగిన నీటిలో ఇలాంటివి ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్త తకాగి 1976లో వెల్లడించారు.

నూరు వరహాలు పరాయి మొక్కేమీ కాదు. దక్షిణ భారతం, శ్రీలంక దాని పుట్టిళ్లు. లినేయస్ పెట్టిన ‘ఇక్సోరా’ అనే పేరు కూడా ‘ఈశ్వర’ శబ్దం నుంచి వచ్చినదే. భారీ వానలకు సున్నం కొట్టుకుపోయిన ఆమ్ల నేలలు దానికి అలవాటు. గోడ వారన దానికి దొరికేది సరిగ్గా అందుకు విరుద్ధమైన నేల.

కాబట్టి జాగ్రత్త నాటేటప్పుడే మొదలవ్వాలి. గోడకు కనీసం రెండు మూడు అడుగుల దూరంలో గుంత తీసి, పెళ్లలన్నీ ఏరేసి, బాగా చివికిన పశువుల ఎరువు, ఆకు ఎరువు కలపాలి. మొదట్లో ఎండుటాకులు పరిచి, వీలైనప్పుడల్లా వాన నీళ్లు పోయాలి. పూలు కొమ్మ చివర్లలో వస్తాయి కనుక, కత్తిరింపు ఒక విడత పూత ముగిశాకే చేయాలి.

ఇప్పటికే పాలిపోయిన మొక్కకు రైతులు పొలాల్లో వాడే మందే పనికొస్తుంది. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, పొద్దువాలాక ఆకులపై పిచికారీ చేయాలి. వారానికోసారి, చిగుళ్లు పచ్చగా వచ్చేదాకా. గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు, చూసుకోవాలి. అన్నభేదిని క్షార నేలలో వేస్తే అదీ త్వరగానే ఫెర్రిక్‌గా మారి బిగుసుకుపోతుంది. మట్టిలో వేసే చీలేటెడ్ ఇనుములోనూ రకాలున్నాయి. ఈడీటీఏ రకం క్షార నేలలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది. ప్యాకెట్ మీద పేరు చూసి కొనాలి. ఏదీ పనిచేయకపోతే మొక్కను వేరుమట్టితో సహా తీసి పెద్ద కుండీలోకి మార్చడమే నయం. కుండీ ఒక్కదానికైతే వాన నీళ్లు పట్టి పోయడం పెద్ద కష్టమేమీ కాదు.