అతిథి విస్తరిలో జొన్నరొట్టె

పల్నాటి సీమలో జొన్నకూడు తప్ప మరొకటి దొరకలేదని శ్రీనాథుడు వాపోయినట్లు చెప్పే చాటువులు విద్యార్థులు ఎరిగినవే. అవి ఆయనవేనా కాదా అన్నది పండితులు తేల్చుకొందురు గాక. జొన్న పేదవాని కూడు, సన్నబియ్యం మర్యాదస్థుని అన్నం అనే తారతమ్యం ఎంత పాతదో అవి చాటుతూనే ఉన్నవి.

జహీరాబాదు చుట్టుప్రక్కల ఈ తారతమ్యం చాలా ఇండ్లలో చుట్టం గడప త్రొక్కగానే బయటపడేది. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు పండించి తినేవారు సైతం చుట్టం వచ్చిన నాడు రొట్టెల బుట్టను మూలకు జరిపి వరిబియ్యం పొయ్యి మీద పెట్టేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన పిమ్మట తెల్లని అన్నం ప్రతిదినపు తిండి అయింది. అంబలి మరొక మెట్టు దిగింది.

ఆ 1983లోనే ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాదు దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా, దళిత మహిళల సంఘాలతో కలిసి పాతపంటలను తిరిగి చేలకు తెచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దానికి లభించింది. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనాలను ఊరూరా త్రిప్పే పాతపంటల జాతర ఈ స్త్రీలదే. పట్టణంలో కేఫ్ ఎత్నిక్ అనే పేరుతో చిరుధాన్యాల భోజనశాలను కూడ ఈ సంస్థ తెరిచింది. ఇంటిలో అతిథి కంటబడకుండా దాచిన వంట బజారులో బల్ల మీదికి ఎక్కిందన్న మాట!

అయితే దానిని ఇంటిలో అందంగా వడ్డించడం ఎట్లు? టమాటాను గులాబివలె చెక్కడం ఇక్కడ అక్కరకు రాదు. తెల్లని అన్నం ఏ రంగు కూరకైనా సరిపోతుంది. చిరుధాన్యానికి ఆ సౌలభ్యం లేదు. లేత పసుపు రంగు కొర్రన్నం మీద ముద్దపప్పు వేస్తే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కంటికి ఏదీ ఆనదు. ప్రక్కన పచ్చని ఆకుకూర, ఎర్రని పచ్చడి ఉంటే అన్నం వన్నె తేలుతుంది. కొర్రలను అరగంట నానబెట్టి, ఉడికిన తరువాత మూత తీయక కాసేపు ఉంచితే మెతుకు మెతుకు విడివడుతుంది. ముద్దకట్టిన అన్నానికి ఏ అలంకారమూ అందమీయదు. నల్లగా కనబడే తైద అంబలికి చల్లని మజ్జిగ, తెల్లని ఉల్లిపాయ ముక్కలే శోభ.

జొన్నరొట్టె సంగతి వేరు. దాని అందమంతా వేడిలో ఉన్నది. దొంతరగా పేరిస్తే చెమర్చి మెత్తబడుతుంది, చల్లారితే బిరుసెక్కుతుంది. కనుక అతిథి కూర్చున్న తరువాతనే పెనం మీది రొట్టెను ఒక్కొక్కటిగా తెచ్చి వేయాలి. గోధుమవన్నె మచ్చలు తేలిన రొట్టె, ప్రక్కన వెల్లుల్లి కారం, కాస్త ఆకుకూర: అంతే చాలును. మెరిసే స్టీలు పళ్లెంలో ఈ మచ్చలు వెలవెలబోతాయి. సన్నని పుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరి మీద అవే నిండుగా కనబడతాయి. అంబలి వంటి పలుచని వాటిని మాత్రం వేరే గిన్నెలో పోయక తప్పదు.

విస్తరి నిండా క్రుమ్మరించడమే మర్యాద అనుకునే వారు మనలో ఎక్కువ. జపానువారు పాత్రలో కొంత చోటు ఖాళీగా విడిచి వడ్డిస్తారు. ఆ ఖాళీ వల్లనే ఉన్న పదార్థం కంటికి ఆనుతుంది. త్వరగా కడుపు నింపే జొన్నకూ తైదకూ ఈ పద్ధతి మరీ తగినది.

ఇంత చేసీ చాలమంది ఇల్లాండ్రు వడ్డించే వేళకు, "రొట్టెలే చేసినం, ఏమనుకోకుండ్రి" అంటారు. ఆ మాటతో రొట్టె విస్తరిలో ఉండగానే చిన్నబోతుంది. "ఇవి మా చేని పచ్చజొన్నలు" అని చెప్పిన ఇంటిలోనో, అతిథి రెండవ రొట్టె అందుకుంటూ ఆ చేను ఏ దిక్కున ఉన్నదని అడుగుతాడు.