మటిక్కాయ గింజ బండను ఎలా చీలుస్తుంది?

చిలమత్తూరు వైపు వాన తక్కువ. అలాంటి చోట ఎండనూ తట్టుకునే పంట గోరుచిక్కుడు, అదే మన మటిక్కాయ. దాని గింజకు చమురు బావిలో ఏం పనో తెలుసా?

గింజలోని పప్పును పిండి చేస్తే గ్వార్ గమ్ అనే బంక వస్తుంది. అందులో వేల చక్కెర అణువులు అతుక్కుని పొడవాటి గొలుసులై ఉంటాయి. ఇలాంటి గొలుసులనే పాలిమర్లు అంటారు. నీళ్లలో వేస్తే అవి విచ్చుకుని, ఉడికిన సేమ్యాలా చిక్కుపడతాయి. అందుకే నీరు చిక్కబడుతుంది.

అందులో ఇసుక కలిపి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వందల రెట్ల ఒత్తిడితో బావిలోకి తోస్తారు. ఆ ఒత్తిడికి లోపలి రాయి చీలుతుంది. ఉత్త నీటిలో ఇసుక త్వరగా అడుక్కి దిగిపోతుంది. చిక్కటి నీరు మాత్రం దాన్ని పగుళ్లలోకి మోసుకెళ్తుంది. ఒత్తిడి తగ్గాక పగులు మూసుకోకుండా ఇసుకే అడ్డు నిలుస్తుంది. ఆ సందుల్లోంచి చమురు పారుతుంది.

పని అయ్యాక, నీటిలో కలిపిన, గొలుసులను తెంచే పదార్థం తన పని చేస్తుంది. నీరు మళ్లీ పలచబడుతుంది, అందులో కొంత పైకి వచ్చేస్తుంది.