చుక్కమందు వేస్తే నాటుకోడి బ్రాయిలరైపోదు

బెంగళూరులో మనవాళ్లకు కోళ్ల మోజు పట్టింది. మారతహళ్లిలో, కె.ఆర్.పురంలో కాస్త పెరడో, డాబా మీద ఖాళీయో ఉంటే చాలు, పది కోడిపిల్లలు దిగిపోతున్నాయి. మంచిదే. వాటి వెనకే వాట్సాప్‌లో ఓ మాట కూడా దిగింది: "నాటుకోడికి రోగాలు రావు. టీకా వేస్తే అది నాటుకోడి కాదు, మందుల కోడి."

ఈ మాట నమ్మినవాళ్ల గూళ్లలో జరిగేది ఇదీ. నెలన్నర పిల్ల నిన్నటిదాకా చలాకీగా తిరుగుతుంది. ఇవాళ రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి ఎగపోస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది. బతికి ఉన్నదాని మెడ మెలితిరిగిపోతుంది. గింజను పొడవబోతే ముక్కు పక్కన నేలకు తగులుతుంది. చూస్తుండగానే గూడు ఖాళీ.

ఇది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి. 1927లో కుమావ్ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. అప్పటికి మన దేశంలో బ్రాయిలర్ ఫారాలే లేవు. మరి చచ్చినవి ఏ కోళ్లనుకున్నారు? నాటుకోడి ఎండకు ఓర్చుకుంటుంది, ఏరుకు తిని బతుకుతుంది, నిజమే. వైరస్‌కు ఆ ఓర్పుతో పనిలేదు. టీకా పడని గుంపులో తీవ్రమైన రకం దూరితే పందెం అసీల్ అయినా సరే, దాదాపు అన్నీ పోవచ్చు. "మా ఊళ్లో తిరిగే కోళ్లకు టీకా ఎవడేశాడు?" అంటారు. మీకు కనిపించేవి బతికినవే, బాబూ. చచ్చినవి వీధిలో తిరగవు.

ఇంతకీ ఆ చుక్కలో ఏముంది? కంట్లో వేసే ఆ రాణిఖేత్ టీకా పేరు లసోటా. అది హార్మోనూ కాదు, ఒళ్లు పెంచే మందూ కాదు. అదే వైరస్‌లో నెమ్మదైన రకం. కంట్లో చుక్క పడగానే అక్కడా, గొంతులోనూ కాస్త పెరుగుతుంది, దాన్ని చూసి ఒళ్లు అసలు రోగానికి సిద్ధమవుతుంది. మీ పిల్లాడికి పోలియో చుక్కలు వేయించారు కదా, వాడు మందుల పిల్లాడయ్యాడా?

పుట్టిన 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా ఒక చుక్క. 14వ రోజుకు గంబోరో అనే మరో వ్యాధికి టీకా. నాలుగో వారంలో మళ్లీ లసోటా. ఎనిమిదో వారంలో రాణిఖేత్‌కే ఆర్‌2బి టీకా సూది. ఈ చివరిది ఘాటైన రకం, లసోటా పడని పసిపిల్లలకు వేయకూడదు. "సీసాలో నూరు డోసులు, నాకున్నవి ఎనిమిది పిల్లలు" అని గొణుగుతారు కొందరు. ఆ సీసా ఖరీదు ఒక్క నాటుకోడి ఖరీదంత ఉండదు. నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకోండి. సీసాను ఐసుముక్కలున్న ఫ్లాస్కులో తెచ్చి, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. స్కూటర్ డిక్కీలో ఉడకబెట్టి తెచ్చి, "టీకా వేసినా చచ్చాయి" అంటే ఏం చెప్పాలి? వెల్లుల్లి, మిరియాలు దంచి మింగించడమూ వృథాయే. ఈ వైరస్ సోకాక నయం చేసే మందు లేదు.

అసలీ టీకా భయానికి తల్లి పాత పుకారే: బ్రాయిలర్లకు హార్మోన్లు పొడుస్తారని. ఎదుగుదల హార్మోను ప్రొటీన్. దాణాలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది. సూదితో అయితే వేల కోళ్లను మళ్లీ మళ్లీ పట్టుకుని పొడవాలి. అంత తీరికా డబ్బూ ఏ ఫారం యజమానికి ఉన్నాయి? ఆరు వారాల్లో రెండు కిలోలు దాటడం జాతి ఎంపిక, దాణాల మహిమ.

అయితే ఒక్కటి ఒప్పుకోక తప్పదు. యాంటీబయాటిక్స్ గురించి వినేది గాలి కబురు కాదు. రోగం లేకున్నా బరువు కోసం దాణాలో కలిపే అలవాటు ఉండబట్టే 2019లో కేంద్రం కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించింది. తమాషా ఏమిటంటే, టీకా వద్దనేవాళ్లే పిల్ల తుమ్మగానే షాపుకెళ్లి ఏదో యాంటీబయాటిక్ పొడి తెచ్చి నీళ్లలో కలిపేస్తున్నారు. మందుల కోడి తయారయ్యేది అక్కడ.

కోళ్ల గురించి మిగతా మాటలు చిన్నవి. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పొదిగితే పిల్ల రాదంతే. గోధుమరంగు పెంకులో అదనపు బలమేమీ లేదు. ఉరుముకు గుడ్లు మురగకుండా బుట్టలో ఇనుపముక్క వేస్తారా, వేసుకోండి, నష్టమేమీ లేదు. రోడ్డు పక్క అమ్మే గులాబీ, పచ్చ పిల్లలు చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. గుడ్ల కోసం వాటిని కొని కూర్చోకండి.

బెంగళూరు చలికి పిల్లలు బతకవంటారు. బల్బు కట్టకపోతే బతకవు. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి: బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కితే చలి, అంచులకు పారిపోతే వేడి, పెట్టెంతా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. కింద ఊక తడవనివ్వకండి. తడిస్తే నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. కొత్తవాళ్లయితే హెబ్బాళలో తయారైన గిరిరాజతోనో, హైదరాబాద్ రాజేంద్రనగర్ వనరాజతోనో మొదలుపెట్టండి. పదింటిలో సగం పుంజులే తేలతాయి, కాబట్టి తెల్లవారుజాము కూతల గురించి పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

చివరగా, లసోటా చుక్క బర్డ్ ఫ్లూను ఆపదు. 2025 మొదట్లో అది చిక్కబళ్లాపుర జిల్లాలోనూ, మన గోదావరి జిల్లాల్లోనూ కనిపించింది. కోళ్లు ఒకేసారి చావడం మొదలైతే కోసుకు తినకండి, చెరువులో పడేయకండి, మిగిలినవాటిని అమ్మేయకండి. దగ్గర్లోని పశువైద్యశాలకు ఆ రోజే కబురు చేయండి.